చలవ కళ్ళద్దాల విమానం

మా ఆవిడ అన్నగారూ నేనూ ఒకరినొకరం "బావగారూ" అనే పిలుచుకుంటాం. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలియక మా ఇంటికి వచ్చిన చుట్టాలు తికమక పడుతూ వుంటారు. ఆయన ఇరవై ఏళ్ళు వాయుసేనలో పనిచేసి, విమానాల పొట్టకింద పడుకుని గ్రీజు పూసుకున్న మనిషి. నేను రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు ఛందస్సు చెప్పుకుంటూ సుద్దముక్క పొడి పూసుకుంటున్న మనిషిని. విమానమంటే నాకు పుష్పకవిమానమే తెలుసుగాని మరొకటి తెలియదు. అటువంటి వాణ్ణి మొన్న చలికాలంలో నెలా పదిహేను రోజులు ఒక బొమ్మ విమానానికి చలవ కళ్ళద్దాలు తొడిగే పనిలో పడి, ఇంట్లోనూ కాలేజీలోనూ కూడా పరధ్యానం మనిషిననిపించుకున్నాను.

"బొమ్మ" అన్నానా? ఈ మాట బావగారి చెవిన పడితే నా పని అయినట్టే. "బొమ్మ కాదు బావగారూ, నమూనా. బొమ్మకు లెక్క వుండదు, దీనికి లెక్క వుంది" అంటారు. ఆ లెక్కేమిటంటే, అసలు విమానంలో 48 అంగుళాలుండేది ఇందులో ఒక్క అంగుళం వుంటుంది. అసలుది 15 మీటర్ల పొడుగైతే ఇది జానెడున్నర. ప్లాస్టిక్కు ముక్కలు పెట్టెలో వస్తాయి. కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగులు వేసుకోవాలి. బావగారు వాయుసేనలో వున్న రోజుల్లో పట్టుకున్న సరదా ఇది. పెన్షను పుచ్చుకుని ఇంటికి వచ్చాక అది సరదా స్థాయి దాటి నిత్యానుష్ఠానమయింది.

రెండేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, నడక తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. అన్నం ఎడం చేత్తో చెంచాతో తింటారు, సంతకం ఎడం చేత్తో నేర్చుకున్నారు. మా ఆవిడ పట్టుబట్టి ఆయన్ని మా ఇంటికి తీసుకువచ్చింది. సామాను వెంట ఏడు అట్టపెట్టెలు కూడా వచ్చాయి. ఆరింటికి ఇంకా సీలు తియ్యలేదు. ఏడో దానిలో విమానం దాదాపు పూర్తయి వుంది. బూడిద రంగు వేశారు, గుర్తులు అంటించారు, చక్రాలు పెట్టారు. అద్దమొక్కటే పెట్టలేదు. పైలటు కూర్చునే చోటు మీద మూత లేక, ఆ విమానం బోడిగుండులా వుండేది.

"ఎవరికైనా ఇచ్చెయ్యండి బావగారూ" అన్నారాయన, పెట్టెలు అటకమీదికి ఎక్కిస్తూ వుంటే. ఆ ఒక్క పెట్టె నేను కిందనే వుంచాను. ఎందుకు వుంచానో అప్పట్లో నాకూ తెలియదు.

అది అమెరికా వాళ్ళ ఎఫ్-16. 1974లో మొదటిసారి ఎగిరిన రకం. మన వాయుసేనలో లేని విమానం. మరి దానిమీద ఈయనకెందుకింత మోజు అని అడిగాను. 2007 ఫిబ్రవరిలో బెంగుళూరు యెలహంకలో జరిగిన విమాన ప్రదర్శనలో చూశారట. రతన్ టాటా 69 ఏళ్ళ వయస్సులో ఎఫ్-16లో కూర్చుని ఎగిరింది ఆ ప్రదర్శనలోనే. పత్రికలన్నీ టాటాగారి ఫొటోలు వేసుకున్నాయి. బావగారు మాత్రం ఎండలో నిలబడి విమానం అద్దాన్నే చూశారట. "తేనె సీసాలో సూర్యుడు దిగినట్టుంది" అని ఆయనే అన్నారు. ఛందస్సు చెప్పే నాకు అంతమంచి మాట తట్టినందుకు కాదు, తట్టనందుకు కాస్త అసూయ కూడా కలిగింది.

ఆ అద్దం సంగతి కొంచెం చెప్పాలి. మామూలుగా యుద్ధ విమానాల్లో పైలటు ఎదురుగా ఒక అద్దం, నెత్తిమీద ఇంకో అద్దం, రెండింటికీ మధ్య అడ్డంగా ఒక చట్రం వుంటాయి. ఎఫ్-16లో ఎదర ఆ చట్రం లేదు. సబ్బు నీళ్ళ బుడగను సగానికి కోసి బోర్లించినట్టు ఒకటే అద్దం. పైలటు చూపుకి ఎక్కడా అడ్డు తగలదు. అద్దం అన్నానుగాని అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కు. ఎగిరేటప్పుడు గద్దో కొంగో వచ్చి గుద్దినా తట్టుకోవాలి కదా. వెనక వేపు మరొక చిన్న అద్దం, ఈ రెండింటికీ నడుమ ఒక పట్టీ, కిందివేపు చుట్టూ ఒక అంచు. అంతే దాని నిర్మాణం.

దానికి రంగెందుకు? ఎండ తగలకుండా అనుకున్నాను నేను. అందుకూ పనికివస్తుంది. పొగరంగు అద్దాలున్న ఎఫ్-16లు వున్నాయి. కాని ఆ బంగారు ఛాయ వెనక వున్న కారణం వేరు. శత్రువుల రాడారు తరంగాలు మామూలు అద్దంలోంచి సులువుగా లోపలికి పోతాయి. లోపల కుర్చీ, మీటలు, పైలటు శిరస్త్రాణం — అన్నీ మూలలూ కోణాలూ. వాటికి తగిలిన తరంగం వచ్చిన దారినే వెనక్కి పోయి "ఇదిగో ఇక్కడున్నాడు" అని చాడీ చెబుతుంది. అందుకని అద్దానికి కంటికి ఆనీ ఆననంత పలచగా లోహపు పూత పూస్తారు. ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు ఒకటి ఇందుకు వాడతారు. చూపు పోతుంది, తరంగం పోదు. అద్దం వంపుకి తగిలి మరెటో జారిపోతుంది. ఆ పూత ఛాయే మనకు తేనెరంగుగా కనిపిస్తుంది.

ఇంకో విమానంలో కారణం తిరగబడింది. ప్రౌలర్ అని అమెరికా నౌకాదళం వాళ్ళదొకటి వుండేది. శత్రువుల రాడార్లను గగ్గోలు పెట్టించడానికి అది తానే బలమైన తరంగాలు విడిచేది. ఆ తరంగాలు తన మనుషులకే తగలకుండా దాని అద్దాలకు బంగారు పూత పూశారు. 2019 నాటికి అది పూర్తిగా విశ్రాంతి తీసుకుంది. 1969లో చంద్రుడి మీద దిగినవాళ్ళ శిరస్త్రాణాల ముందు మెరిసిన తెర కూడా బంగారు పూతదే, కాకపోతే అక్కడ శత్రువు ఎండ.

ఇవన్నీ బావగారు నాకు ఒకే రోజు చెప్పలేదు. మొదట్లో ఆయన ఆ పెట్టె వంక చూసేవారే కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే విమానాన్ని బల్లమీద పెట్టుకుని కళ్ళజోడు సవరించుకుని లోపలికి చూశాను. లోపల పైలటు వున్నాడు. నిలబెడితే బొటనవేలంత వుంటాడు. ఆ చిన్న మనిషికి భుజాలమీద పట్టీలు, పట్టీలకు వెండిరంగు బకిళ్ళు, ముక్కు మీద ఆక్సిజను తొడుగు, దాని గొట్టానికి ముడతలు, ఆ ముడతల సందుల్లో నీడ. ఇంత పని ఎవరు చేశారు, ఏ కుంచెతో చేశారు అని ఆశ్చర్యపోయాను.

"మీరే వేశారా బావగారూ?"

"నేనే. మూడు వెంట్రుకల కుంచె. ఆ సోమవారం వాణ్ణి కుర్చీలో అతికించాను. శనివారం నేను ఆసుపత్రిలో వున్నాను."

అంతే అన్నారు. తరవాత గోడవేపు తిరిగి పడుకున్నారు.

నాకప్పుడు బోధపడింది, ఆ పెట్టె ఎందుకు కింద వుంచానో. సాయంత్రం కాఫీ ఇస్తూ, "మీరు చెప్పండి, నేను చేస్తాను" అన్నాను. నా చేతుల వంక చూశారు. వాటిమీద ఆయనకు నమ్మకం కుదరలేదని ఆ చూపులోనే తెలిసింది. "ఆ పెట్టెలో అద్దం ఒక్కటే వుంది బావగారూ. పాడయితే ఇంకోటి లేదు" అన్నారు. కొన్ని కంపెనీలు మామూలు అద్దంతోపాటు రంగు ప్లాస్టిక్కు అద్దం కూడా పెడతాయట. మాది ఆ భాగ్యానికి నోచుకోలేదు.

మొదటి పాఠం అద్దాన్ని కొమ్మనుంచి వేరు చెయ్యడం. ఈ ముక్కలు ప్లాస్టిక్కు కాడలకు కాయల్లా అంటుకుని వస్తాయి. పారదర్శకంగా వుండే ప్లాస్టిక్కు పెళుసు. మొదట్లోనే కత్తిరిస్తే ఒత్తిడికి తెల్లటి మచ్చ పడుతుంది, లేదా నెర్రె లోపలికి పాకుతుంది. దూరంగా కత్తిరించి, మిగిలిన మొడిమను నెమ్మదిగా అరగదియ్యాలి. నాకొక అరగంట పట్టింది. ఆయనకయితే రెండు నిమిషాలు.

రెండో పాఠం నా ప్రాణం తీసింది. ఎఫ్-16 అద్దం నడుం దగ్గర ఉబ్బి, కిందికి వచ్చేసరికి మళ్ళీ లోపలికి వంగుతుంది. అటువంటి ఆకారం రెండు పలకల అచ్చులోంచి ఊడి రాదు. అందుకని అచ్చును ఎక్కువ ముక్కలుగా చేస్తారు. ఆ ముక్కలు కలిసినచోట అద్దం నడినెత్తి మీదుగా పాపిడి తీసినట్టు సన్నటి గీత పడుతుంది. దాన్ని అలా వదిలేసి రంగు వేస్తే ఆ గీత దగ్గర రంగు చేరి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొయ్యేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. మొదట 1000 నెంబరు, ఆపైన 1500, ఆపైన 2000, ప్రతిదీ నీళ్ళలో తడిపి. కార్లకు రంగులు వేసే షెడ్డులో కొనుక్కొచ్చాను. వాళ్ళు దీన్ని వాటరు పేపరంటారు. "ఏ కారు సార్?" అని అడిగాడు అక్కడి కుర్రాడు. ఏం చెప్పను?

వెయ్యి నెంబరు కాగితం పెట్టి నాలుగుసార్లు రుద్దేసరికి, స్ఫటికంలా వున్న అద్దం పాలవిరుగుడులా తెల్లబడిపోయింది. నా గుండె జారింది. బావగారు నిమ్మకు నీరెత్తినట్టు, "రుద్దండి" అన్నారు. మూడు సాయంత్రాలు రుద్దాను. కాగితాలు అయ్యాక పళ్ళపొడి కాదుగాని పళ్ళ పేస్టు, మెత్తటి గుడ్డ. నాలుగోనాడు గీతా లేదు, తెలుపూ లేదు. అద్దంలోంచి దినపత్రిక చదివి చూపించాను. "ఇప్పుడు మొదలుపెట్టొచ్చు" అన్నారాయన. అప్పటిదాకా జరిగింది మొదలు కాదన్నమాట!

ఇక రంగు. ఇక్కడ మా ఇద్దరికీ వివాదం. నేను ఆ రంగుకి పేరు వెతికాను. పింగళం అందామా, కపిలం అందామా, గోరోజనం ఛాయ అందామా? బావగారు విసుక్కున్నారు. "పలచటి టీ డికాషను. సరిగ్గా చెప్పాలంటే రెండోసారి మరిగించిన టీ పొడి డికాషను." పెట్టెలో ఆయన కొని వుంచిన టామియా వారి పారదర్శకపు రంగు బుడ్లున్నాయి: ఎక్స్-19 పొగరంగు, ఎక్స్-24 పసుపు, ఎక్స్-26 నారింజ. ఇవి మామూలు రంగుల్లా కప్పవు, సిరా లాగా చూపును పోనిస్తాయి. వంటింటి మిఠాయి రంగులు వాడేవాళ్ళూ వున్నారట. కాని అవి వెలుతురుకి వెలిసిపోతాయని ఆయనకు గిట్టదు. నేల మెరుపు కోసం వాడే ఆక్రిలిక్ పాలిషు "ఫ్యూచర్" అని ఒకటి అమెరికాలో వుండేది. నమూనాలు చేసేవాళ్ళకు అది అమృతం. అద్దాన్ని అందులో ముంచి తీస్తే చిన్న చిన్న గీతలు నిండిపోయి తళతళలాడుతుంది. ఎప్పుడో విమానంలో వచ్చిన స్నేహితుడి చేత తెప్పించుకున్న సగం సీసా బావగారి దగ్గర మిగిలి వుంది. అందులో పసుపు కొన్ని చుక్కలు, పొగరంగు ఒకటి రెండు చుక్కలు, నారింజ పుల్ల మొనతో తాకించినంత. అది మా పాకం.

పాకం ముందు ప్లాస్టిక్కు చెంచాల మీద పరీక్షించాలి. మా ఇంట్లో పుట్టినరోజు పండుగకు మిగిలిన ఐస్‌క్రీము చెంచాలన్నీ ఈ యజ్ఞంలో ఆహుతయ్యాయి. పదమూడో చెంచా దగ్గర నేను "ఇదే!" అన్నాను. సీసాను కిటికీ దగ్గర పెట్టి చూశాను. అచ్చం తేనె. బావగారు, "కొంచెం ముదురేమో" అన్నారు. "సరిపోతుంది" అని నేనే తొందరపడ్డాను. పొరపాటు నాదే, ఇందులో దాపరికం లేదు.

అద్దాన్ని సన్నటి పట్టకారుతో అంచు దగ్గర పట్టుకుని నెమ్మదిగా ముంచి, నెమ్మదిగా తీశాను. కింది అంచున చేరిన చుక్కను కాగితం మొనతో పీల్చాను. దుమ్ము పడకుండా పైన గాజు గిన్నె బోర్లించాను. రెండు రోజులు ఎవరినీ ఆ గదిలో చీపురు పట్టనివ్వలేదు. మూడోనాడు గిన్నె తీసి, అద్దాన్ని విమానం మీద ఊరికే ఆనించి, ఇద్దరం వంగి చూశాం.

అద్దం బ్రహ్మాండంగా వుంది. లోపల పైలటు లేడు.

వున్నాడు, ఎక్కడికి పోతాడు? కాని నల్లటి నీడగా వున్నాడు. బకిళ్ళు లేవు, గొట్టం లేదు, ముడతలు లేవు. మూడు వెంట్రుకల కుంచెతో ఆ కుడిచెయ్యి చివరిసారిగా చేసిన పనంతా డికాషనులో మునిగిపోయింది. బావగారు ఏమీ అనలేదు. ఎడం చేత్తో అద్దాన్ని తీసి బల్లమీద పెట్టి, తన మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీసాలో తేనెలా వున్నది విమానం మీద తారులా ఎందుకయింది? పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నాకు తెలియనిది తెలిసినట్టు నటించగలనుగాని, ఒంటరిగా పడుకున్నప్పుడు సాధ్యం కాదు. తెల్లవారి కాఫీ దగ్గర ఆయనే చెప్పారు. కోపం లేదు. ఉపాధ్యాయుడి గొంతు అది, నాకు బాగా తెలుసు.

"వెలుతురు అద్దంలోంచి లోపలికి పోయి, పైలటు మీద పడి, మళ్ళీ అద్దంలోంచే కదా మన కంటికి రావాలి? అంటే రంగును రెండుసార్లు దాటింది. ముంచాం కాబట్టి రంగు అద్దానికి లోపలా వుంది, బయటా వుంది. రెండు రెళ్ళు నాలుగు. చెంచా ఒక్క వేపు పూసి, వెలుతురుకి ఎత్తి చూశాం. ఒక్కసారే దాటింది. నేను చెప్పాల్సింది, చెప్పలేదు."

"మరిప్పుడు?"

"అమ్మోనియా."

గాజు తుడవడానికి వాడే అమ్మోనియా నీళ్ళలో నానబెడితే ఆ పాలిషూ ఆ రంగూ కరిగి వచ్చేస్తాయి. ప్లాస్టిక్కుకి ఏమీ కాదు. అదే కంగారులో ఏ లక్క పెయింటు తిన్నరో పోసి వుంటే అద్దమే నెర్రెలు విచ్చి వుండేది. చిన్న గిన్నెలో నానబెట్టాను. కాసేపటికి నీళ్ళు పసుపెక్కాయి. అద్దం మళ్ళీ పుట్టినట్టు తెల్లగా బయటపడింది. తప్పు దిద్దుకునే వీలున్న పనులు లోకంలో తక్కువ. సబ్బునీళ్ళతో దాన్ని కడుగుతూ నాకు నవ్వూ కన్నీళ్ళూ కూడా వచ్చాయి.

రెండోసారి పాకాన్ని బాగా పలచన చేశాం. సీసాలో చూస్తే రంగు వున్నట్టే తెలియదు. చెంచా మాట కట్టిపెట్టి, ఖాళీ ఐస్‌క్రీము కప్పు మూత ముంచి, ఆరనిచ్చి, దాని కింద వేలిగోరంత రంగు కాగితం పెట్టి, పై నుంచి చూశాం. ఎర్ర కాగితం ఎర్రగానే వుండాలి, తెల్లది మాత్రం కాస్త పాతబడ్డట్టు వుండాలి. అది బావగారు పెట్టిన పరీక్ష. నెగ్గిన పాకంలో అద్దాన్ని ముంచాం. గోదావరి గాలి తేమ కాబట్టి ఈసారి వారం రోజులు ఆగాం.

అద్దం ఆనించి చూశాను. పైలటు వున్నాడు. బకిళ్ళు కాస్త ఇత్తడి ఛాయ తిరిగాయిగాని వున్నాయి. తల కొంచెం పక్కకి వంచి చూస్తే అద్దంమీద కిటికీ వంకరగా పడి తేనెరంగులో మెరిసింది. బావగారు, "ఊఁ" అన్నారు.

పని అయిపోయిందనుకున్నాను. మాస్కింగు మిగిలింది. అంచుకీ నడిమి పట్టీకీ రంగు వెయ్యాలి, అద్దం మీద చుక్క పడకూడదు. అందుకని అద్దమంతా కప్పి, వెయ్యాల్సిన చోటు మాత్రం విడిచిపెట్టాలి. గోడలకు రంగులు వేసేవాళ్ళు వాడే టేపు ఇక్కడ పనికిరాదు. దాని జిగురు మొండిది. కొత్తగా వేసిన రంగును చర్మం వలిచినట్టు వలిచి తెస్తుంది. జపానువాళ్ళ సన్నటి పసుపుపచ్చ కాగితం టేపు ఒకటి వుంది. పలచగా వంపుల మీద పడుకుంటుంది, అడిగితే మాట వినిపించుకుని ఊడి వస్తుంది. దాన్ని కూడా అద్దం మీద పెట్టి కొయ్యకూడదు. విడిగా గాజుపలక మీద కొత్త బ్లేడుతో సన్నని పేలికలుగా కోసి, అంచు వెంట పేర్చి, పుల్లమొనతో నొక్కాలి. మధ్య భాగానికి రబ్బరు పాల లాంటి ద్రవమొకటి పూస్తే ఆరి పొరలా కడుతుంది.

ఇక్కడే నా వయస్సు బయటపడింది. చత్వారం అనే మాట పుట్టింది నలభై అనే సంస్కృతపు అంకెలోంచేనని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ రోజు నా కళ్ళే ఉదాహరణ అయ్యాయి. అరమిల్లీమీటరు అంచు నాకు ఒకసారి ఒకటిగా, ఒకసారి రెండుగా కనబడుతోంది. బావగారికి దగ్గరి చూపు ఇంకా బాగానే వుంది. ఆయన చూస్తారు, చెయ్యి లేదు. నాకు చెయ్యి వుంది, చూపు లేదు. అంధపంగు న్యాయం అంటారు చూడండి, గుడ్డివాడి భుజంమీద కుంటివాడు. "పైకి... ఇంకాస్త... వెంట్రుకంత కిందికి... ఆపండి!" అని ఆయన చెబుతూ, నేను పుల్ల జరుపుతూ, రెండు సాయంత్రాలు పట్టింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పిచ్చి ముదిరితే ఇద్దరికీ ఒకేసారి ముదరాలా?" అంది. అన్నదిగాని, ఆ రెండు రోజులూ టీవీ గొంతు తగ్గించింది.

రంగు వెయ్యడంలో ఒక కిటుకుంది. అంచుకు బయటినుంచి కనిపించాల్సింది బూడిదరంగు. కాని అద్దం లోపలి వేపునుంచి చూస్తే అదే అంచు నల్లగా వుండాలి, అసలు విమానంలో అలాగే వుంటుంది కాబట్టి. లోపలికి కుంచె దూర్చనక్కర్లేదు. బయటే ముందు నలుపు వేసి, దానిమీద బూడిద వేస్తే, అద్దం పారదర్శకం కనుక లోపలినుంచి చూసేవాడికి మొదటి పూత నలుపే కనబడుతుంది. ఈ ఉపాయం విన్నప్పుడు నాకు శ్లేష గుర్తుకొచ్చింది. ఒకే మాట, రెండు వేపులనుంచి రెండర్థాలు. బావగారితో అంటే, "మీరు మీటరు పట్టుకోండి చాలు" అన్నారు. మీటరంటే గాలిమర పీడనం చూపే ముల్లు. రంగు చిమ్మే గొట్టం నా చేతిలో, యంత్రం స్విచ్చి ఆయన ఎడం చేతిలో. ఒక్కసారిగా తడిగా కొడితే రంగు టేపు కిందికి పాకుతుంది. దూరంగా, పొడిపొడిగా, మంచు పడ్డట్టు చాలాసార్లు పొయ్యాలి. తొమ్మిది సార్లు పోశాను.

టేపు తీసే ఘట్టం వర్ణించను. వెనక్కి మడిచి, అంచుకు వాలుగా, ఊపిరి బిగబట్టి లాగాను. తేనెరంగు ఊడి రాలేదు. గీత బిర్రుగా వచ్చింది. ఎడమవేపు మూల మాత్రం గోరుచివరంత రంగు లోపలికి పాకింది.

అతికించడానికి రెప్పపాటులో పట్టే జిగురు పనికిరాదన్నారు. దాని ఆవిరికి అద్దం లోపలంతా పొగమంచు కమ్ముతుందట. ఇన్నాళ్ళ పాటూ ఆ ఒక్క చుక్కకు బలయ్యేది. వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాలు చాలు. పుల్లతో అంచువెంట రాసి ఆనించాను. ఎక్కువైనది తడిగుడ్డతో తుడిస్తే పోయింది. ఆరాక కనబడదు కూడా.

మర్నాడు పొద్దున్న కాలేజీకి బయలుదేరబోతూ వుంటే, బావగారు విమానాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని తూర్పు కిటికీ దగ్గర నిలబడి వున్నారు.

"ఎడం మూల రంగు పాకింది బావగారూ."

"చూశాను. దిద్దమంటారా?"

"వద్దు. వుండనివ్వండి." కాసేపాగి, "వీడి మెడ కొంచెం కుడివేపు తిప్పి అతికించాను, పక్క విమానాన్ని చూస్తున్నట్టు. తెలుస్తోందా?" అన్నారు.

కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, వెలుతురుకి సరిపెట్టుకుని చూశాను. ఇన్నాళ్ళూ ఆ పైలటును ఎన్నిసార్లు చూశానో, అది గమనించనేలేదు. తేనెరంగు అద్దం వెనక, శిరస్త్రాణం మెరుపు మధ్యలో కాక ఓ పక్కకి వుంది.

"తెలుస్తోంది" అన్నాను.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అటకమీదినుంచి ఇంకో పెట్టె దిగి వుంది. మా ఆవిడ స్టూలెక్కి దింపిందట. మిగ్-21. బావగారు ఇరవై ఏళ్ళూ దాని కిందే పడుకున్నారు. 2025 సెప్టెంబరులో మన వాయుసేన దానికి వీడ్కోలు చెప్పిన రోజున టీవీ ముందు నుంచి కదలలేదు. "దీని అద్దానికి రంగు లేదు బావగారూ, మీకు సులువు" అన్నారు. పెట్టె మీది బొమ్మ చూశాను. రంగు లేదుగాని, ముందు అద్దం నిండా చట్రాలే. గాజుపలక బల్లమీద పెట్టి, దానిమీద టేపు ముక్క అంటించి, బ్లేడు ఎడం చేతిలోకి తీసుకున్నారు.

"చివర కాస్త పట్టుకోండి, కదలకుండా. ఎడం చెయ్యి కోత ఎలా వస్తుందో చూద్దాం."